గడ్డి ఉన్న చోట

ఆదివారం ఉదయం హరికిషన్ వేసుకున్న ప్లాన్ చిన్నది. పై వాటాలో ఉండే ఇంటి ఓనరు పద్మనాభం కిందికి వస్తాడు, ఇల్లంతా వెతుకుతాడు, నేల మీద ఒక్క పెంటిక కూడా కనబడక హరికిషన్ పెంచుకుంటున్న రెండు కుందేళ్లను ఉండనిస్తాడు. కనబడితే మాత్రం సాయంత్రానికల్లా వాటిని ఎవరికైనా ఇచ్చెయ్యాలి. సైన్యంలో సుబేదారుగా చేసి సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్న మనిషి, అన్నాడంటే అన్నట్టే.

సకినం, గారె అనే ఆ రెండు కుందేళ్లంటే హరికిషన్‌కు ప్రాణం. ఆఫీసులో రోజంతా తిట్లు తిని వచ్చే మనిషికి కాళ్ల చుట్టూ తిరిగే జీవులుండడం చిన్న విషయం కాదు. అందుకే నెలరోజులు వాటికి చదువు చెప్పాడు. టబ్బులో ఎండుగడ్డి పరిచి, ఎక్కడ పెంటికలు వేసినా ఏరి అందులోనే పడేసి వాసన చూపించాడు. గడ్డి నములుతూ పని కానిచ్చుకోవడం కుందేళ్ల తీరు కాబట్టి చివరికి దారికొచ్చాయి. ఇప్పుడు గడ్డిలో కూర్చుంటే తప్ప అవి పెంటిక వెయ్యవు.

అయితే ఇంటికి పెద్దమనిషి వస్తుంటే హాల్లో పాయిఖానా ఏమిటని భార్య కల్పలత పొద్దున్నే టబ్బు ఖాళీ చేసి, ఫినాయిల్‌తో కడిగి, పెరట్లో ఎండకు పెట్టింది. హరికిషన్ అది చూసి లబోదిబోమనేలోపే బెల్లు మోగింది.

పద్మనాభం చేతిలో బుట్టతో వచ్చాడు. "మా చెట్టు పండ్లు. వియ్యంకుడు నేరేడ్‌మెట్‌ల ఎదురుచూస్తుండు, నీ ఇల్లు చూసుకొని అటే పోత" అంటూ దాన్ని హాల్లో ఓ మూల దించాడు. ఎండుగడ్డిలో మాగబెట్టిన మామిడిపండ్లు. మందు వెయ్యలేదని, ఒట్టి గడ్డేనని అడక్కుండానే రెండుసార్లు చెప్పాడు. తర్వాత టార్చిలైటు తీసి సోఫా కిందికి వంగాడు.

ఆయన పడగ్గదిలోకి వెళ్లగానే హరికిషన్ వెనక్కి తిరిగి చూశాడు. పొద్దుటినుంచీ టబ్బు కోసం ఇల్లంతా తిరిగిన సకినం, గారె బుట్టలో పక్కపక్కన కూర్చుని గడ్డి నములుతున్నాయి. వాటి ముఖాల్లో ఎంతో ప్రశాంతత. ఆ ప్రశాంతత దేనికో అతనికి బాగా తెలుసు. పరుగున వెళ్లి రెంటినీ బయటకు తీశాడు గానీ, జరగవలసింది జరిగిపోయింది.

"ఒక్కటి సుత లేదు. పాస్!" పద్మనాభం బయటికొచ్చి బుట్ట అందుకోబోయాడు. హరికిషన్ దాని పిడి పట్టుకున్నాడు.

"సార్, ఈ పండ్లు మాకియ్యండి."

"గివి వియ్యంకునికయ్యా. నీకు రేపిస్త."

"రేపు గాద్సార్. ఇప్పుడే, ఇవే." ఏం చెప్పాలో తోచక నోటికొచ్చింది అనేశాడు. "కల్పలతకు... మామిడిపండు మీద మనసైంది."

పద్మనాభం ముఖం వెలిగిపోయింది. "అరే! గింత మంచి మాట దాస్తవేందయ్యా!" గుమ్మంలోకి వెళ్లి పైనున్న భార్యను కేకేశాడు. "కుసుమా! కింది పిల్ల నీళ్లోసుకుందంట, కుంకుమ పట్టుకొని రా!"

కల్పలత చాయ్ కప్పుతో వంటింట్లోంచి వచ్చింది. "ఎవరంట సార్?"

"వియ్యంకునిది తర్వాత చూద్దాం. బిడ్డా, నా చేత్తోనే ఏరి ఇస్త" అంటూ ఆయన గడ్డిలోకి చెయ్యి పెట్టాడు. హరికిషన్ కళ్లు మూసుకున్నాడు.

చెయ్యి బయటికొచ్చింది. అందులో ఒక మంచి పండు, దాంతోపాటు గుప్పెడు పెంటికలు. పద్మనాభం వాటిని చూశాడు, గడ్డిని చూశాడు, మూతి తుడుచుకుంటున్న గారెను చూశాడు.

"వీటి టబ్బేది?"

"కడిగి ఎండకు పెట్టిన సార్" అంది కల్పలత.

"అంటే ఇంట్ల గడ్డి ఉన్నది ఈ బుట్టలనే?"

"ఔ సార్" అన్నాడు హరికిషన్.

పద్మనాభం పెంటికలను తిరిగి గడ్డిలోకి వదిలేశాడు. "గడ్డి ఏడుంటే ఆడ కూసున్నయ్. టబ్బు తీసింది మీరు, బుట్ట పెట్టింది నేను. వీటిది తప్పేముంది?"

హరికిషన్‌కు ఏడుపొచ్చినంత పనయింది. మెట్ల మీద కుసుమకుమారి గాజుల చప్పుడు దగ్గరపడుతోంది.

"బిడ్డా, నువ్వు నిజంగ నీళ్లోసుకున్నవా?"

"లేదు సార్."

పద్మనాభం జేబురుమాలుతో చెయ్యి తుడుచుకున్నాడు.

"కుందేళ్లుండొచ్చు. నీ సంగతే ఆలోచించాలె, హరికిషన్."