మౌలాలి దగ్గర పొన్నంగి పిట్ట

ఏసురత్నం కొత్త పిట్టను చూసిన ప్రతిసారీ దేవసహాయం మాస్టారికి అన్నం సహించేది కాదు. ఆ పిట్ట ఎంత అరుదైనదైతే ఈయన అంత ఎక్కువగా పస్తుండేవాడు. నలభై ఏడు చలికాలంలో, ఉత్తరాది పిట్టలన్నీ మన చెరువుల మీద దిగే మూడు నెలల్లో, పొట్ట మీద బొత్తాం పట్టని పెళ్లికోటు మళ్లీ పట్టేంతగా చిక్కిపోయాడు.

"మాస్టారికి జబ్బేంది?" అని కార్ఖానా బస్తీలో ఇరుగుపొరుగు అడిగితే ఆయన భార్య జ్ఞానమణి, "ఏసురత్నం" అని చెప్పేది.

ఈ జబ్బు అంటించింది మాత్రం చర్చి పాదిరి రిచర్డ్ దొర. సికింద్రాబాదులో ముప్ఫై ఏళ్లు వాక్యం చెప్పిన ఆ పెద్దమనిషికి దేవుడి తర్వాత పిట్టలే. చర్చి వెనకగదిలో ఒక పెద్ద పుస్తకం పెట్టాడు. పిట్టను చూసినవాళ్లు తేదీ, చోటు, పేరు అందులో రాయాలి. సంఘంలో రెండు వందల మంది ఉంటే రాసేది ఇద్దరే. ఒకరు కార్ఖానా బడిలో లెక్కలు చెప్పే దేవసహాయం, రెండోవాడు మౌలాలి రైల్వే కాలనీలో ఉండే గార్డు ఏసురత్నం.

దొర నలభై ఎనిమిది కోతల పండుగ కాగానే సొంత దేశానికి వెళ్లిపోతున్నాడు. అప్పటికి ఎవరి లెక్కలో ఎక్కువ పిట్టలుంటే వాళ్లకు తన జర్మనీ దుర్భిణి ఇచ్చేస్తానన్నాడు. దాంట్లోంచి చూస్తే హుస్సేన్ సాగర్ అవతలి గట్టు మీద కొంగ మింగే చేప ఏ రకమో చెప్పొచ్చట. దేవసహాయం అంతవరకూ రెండు పిడికిళ్లూ గొట్టాల్లా చుట్టి, కళ్లకు పెట్టుకుని చూసేవాడు. అలా చూస్తే పిట్ట పెద్దదిగా కనబడదు గానీ చూసేవాడు మాత్రం పిచ్చివాడిలా కనబడతాడు.

దొర పెట్టిన షరతు ఒకటే. చూసినవాడు కాక ఇంకొకరు సాక్షి సంతకం పెట్టాలి.

అక్కడే మాస్టారి కడుపు మండేది. ఏసురత్నం భార్య మేబెల్ చీకటుండగానే లేచి, ఫ్లాస్కులో టీ పోసుకుని మొగుడి వెంట వెళ్లేది. అతను కాకిని చూపించి గరుడపక్షి అన్నా ఆవిడ ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం పెట్టేది. జ్ఞానమణి అలాంటి మనిషి కాదు. ఆమె సండే స్కూలు టీచరు.

"ఒక్క సంతకం, జ్ఞానం! ఎర్రకాళ్ల కొంగ. నిన్న బొల్లారంలో నా కళ్లతో చూశాను."

"మీ కండ్లతోని జూసిండ్రు. సంతకం నా చేత్తోని ఎట్ల పెడతరు?"

"మొగుడి మాట మీద నమ్మకం లేదా?"

"పోయినసారి బట్టమేక పిట్ట అని నన్ను బొల్లారం మైదానం దాక నడిపిచ్చిండ్రు. పోయి జూస్తే మేక."

"దూరం నుంచి అచ్చం..."

"దానికి బట్ట సుత లేదు."

మాస్టారు చివరికి బడి బంట్రోతును బతిమాలి, ఆదివారాలు వెంట తిప్పుకుని, సాక్షి కష్టం ఎలాగో గట్టెక్కించాడు.

ఎండాకాలంలో ఇంకో పేచీ వచ్చింది. మౌలాలి గుట్ట కింద వేపచెట్టు మీద దేవసహాయం వంగపండు పిట్టను చూశాడు. అది మా కాలనీ చెట్టు కాబట్టి పిట్ట నాదేనన్నాడు ఏసురత్నం. చర్చి మెట్ల మీదే ఇద్దరూ కాలర్లు పట్టుకోబోయారు. దొర విసిగిపోయి పటం తెప్పించి, పెన్సిలుతో గీత గీశాడు. కార్ఖానా, బొల్లారం దేవసహాయం హద్దు. మౌలాలి ఏసురత్నం హద్దు. ఎవరు చూసినా సరే, పిట్ట ఎవరి హద్దులో కనబడితే వాళ్ల లెక్కలోకే పోతుంది.

ఆనాటినుంచి ఏసురత్నం బొల్లారం మీదుగా వెళ్లే బండిలో గార్డు డబ్బా కిటికీలు మూసుకునేవాడు. దేవసహాయానికి మౌలాలి మీదుగా రైల్లో పోవాల్సి వస్తే స్టేషను దాటేదాకా కళ్లు తెరిచేవాడు కాదు. పక్కవాళ్లు ప్రార్థన చేసుకుంటున్నాడనుకుని కాళ్లు ముడుచుకుని చోటిచ్చేవారు.

వానాకాలం ముగిసేసరికి లెక్క సమానమైంది. తొంభై ఒకటి, తొంభై ఒకటి. ఇద్దరికీ దొరకనిది పొన్నంగి పిట్ట ఒక్కటే. అది వానలకు ముందు ఉత్తరానికి వెళుతూ, వానలయ్యాక తిరిగొస్తూ నాలుగు రోజులు మాత్రం మన చెట్ల కింద ఆగుతుంది. దొర ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి చూశాడట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ టోపీ తీసేవాడు.

సరిగ్గా అది తిరిగొచ్చే రోజుల్లోనే, సెప్టెంబరు పదమూడున, భారత సైన్యాలు నిజాం సరిహద్దు దాటాయి. ఊరంతా తలుపులు బిగించుకుంది. జ్ఞానమణి బిందెలన్నీ నింపి, బియ్యం డబ్బా మంచం కిందికి నెట్టి, మోకాళ్ల మీద ప్రార్థన మొదలుపెట్టింది. దేవసహాయం కిటికీ రెక్క సందులో చెవి పెట్టాడు.

"మౌలాలి దిక్కు ఏమన్న ఇనొస్తున్నదా?" అని ఆమె భయంగా అడిగింది.

"రెండు కూతలు వినబడ్డాయి. పొన్నంగిదే అయ్యుంటుంది. వాడి కిటికీ గుట్ట వైపు జ్ఞానం, మన కిటికీ బడి గోడ వైపు!"

"ఊర్లల్ల మందికి ఏమైతున్నదో ఎరుకలేదు. మీకు పిట్టల రంధి! జెర సిగ్గుండాలె."

మాస్టారు నిజంగానే సిగ్గుపడ్డాడు. అరగంట దాకా ఏసురత్నం గుర్తు రాలేదు.

ఆ శనివారం మిలిటరీ లారీలు వీధిలోకి వచ్చాయి. జనం లారీలను చూస్తుంటే మాస్టారు పిడికిళ్లు కళ్లకు పెట్టుకుని పక్కనున్న చింతచెట్టును చూస్తూ నిలబడ్డాడు. ఒక సిపాయి వచ్చి రెక్క పట్టుకున్నాడు. ఏం చూస్తున్నావని అడిగితే "చిడియా" అన్నాడు. ఆ పిట్ట ఎక్కడుందని అడిగితే "ఇంకా రాలేదు" అన్నాడు. జ్ఞానమణి పరుగున వచ్చి, "పాగల్ నహీ సాబ్, మాస్టర్ హై" అని మొత్తుకుంది. సిపాయి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పిచ్చివాడికీ మాస్టారికీ తేడా ఏమిటో తేలక వదిలేశాడు.

ఇంకో పది రోజులు గడిచాయి. మాస్టారు పిట్టను చూడలేదు. ఏసురత్నం చూశాడేమోనన్న దిగులు పడని పూట మాత్రం లేదు. అప్పుడొచ్చాడు మౌలాలి.

ఈ మౌలాలి ఊరు కాదు, మనిషి. ఆ గుట్ట మీది దర్గాకు తల్లి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. కార్ఖానా వెనక సందులో ఉండి, వలవేసి పిట్టలు పట్టి అమ్ముకునేవాడు. గడబిడ షురూ అయినప్పటి నుంచి పంజరాలు మోసుకుని పట్నం బజారుకు పోలేక ఇబ్బంది పడుతున్నాడు.

"సార్, నౌరంగ్ దొరికింది. ఘట్‌కేసర్ అవతల మామిడితోటల," అని బుట్ట మీది గుడ్డ తీశాడు.

పచ్చని వీపు, రెక్క మీద నీలం, కంటికి కాటుక, పొట్ట కింద కుంకుమ ఎరుపు. వీడి నౌరంగ్ తన పొన్నంగేనని మాస్టారు గుర్తుపట్టాడు.

"ఏం కావాలి?"

"పైస ఒద్దు సార్. చలి ఒస్తున్నది. మీ నల్లకోటు ఇయ్యుండ్రి."

పెళ్లికోటు చేతులు మారింది. ఉపాయం కూడా తయారైంది. పిట్ట కాలికి సన్నని దారం కట్టాలి. పెరటిగోడ అవతల మౌలాలి దారం పట్టుకుని కూర్చోవాలి. గడబిడకు బంట్రోతు ఊళ్లో లేడు కాబట్టి జ్ఞానమణే వచ్చి తన కళ్లతో చూసి సంతకం పెడుతుంది. పిట్ట నిజం, పెరడు నిజం, చూడటం నిజం. అబద్ధం దారమంతేనని మాస్టారు మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

గురువారం పొద్దున్న ఆరున్నరకు కేక పెట్టాడు. "జ్ఞానం! త్వరగా రా! జామచెట్టు కింద!"

జ్ఞానమణి చీపురుతోనే వచ్చింది. పిట్టను చూసి చీపురు జారవిడిచింది.

"అయ్యో దేవా! ఎంత సక్కగున్నది!"

"చూశావుగా?"

"జూసిన."

"కళ్లారా?"

"కండ్లార. గని ఇది కుంటుతున్నదేంది?"

మాస్టారు జవాబు వెతుక్కునేలోపు ఆమె పెంచే పుంజు వచ్చింది. పెరట్లో తనకంటే రంగులున్నవాడు తిరుగుతుంటే అది చూడలేకపోయింది. రెక్కలు విప్పి మీదికి దూకింది. పిట్ట ఎగిరింది. గోడ అవతల మౌలాలి దారం లాగాడు. దారం బట్టలతీగకు చుట్టుకుంది. తీగ తెగి, తడిచీర, రెండు దుప్పట్లు మాస్టారి నెత్తిన పడ్డాయి. ఆయన చీరకింద నుంచే చేతికందిన దాన్ని గుండెలకు హత్తుకుని, "దొరికింది! దొరికింది!" అని అరిచాడు. దొరికింది పుంజు.

మౌలాలి గోడ దూకి వచ్చాడు.

"మౌలాలీ! మా ఆయన పెండ్లికోటు నీ మీదికి ఎట్లొచ్చె?"

"సార్‌నే అడుగమ్మా."

"సార్ ఏడున్నడు?"

"చీర కింద."

జ్ఞానమణి ముందు పిట్ట సంగతి చూసింది. కత్తెరతో దారం కత్తిరించి, దోసిట్లో నీళ్లు పట్టింది. అది రెండు గుక్కలు తాగి, ఆమె వేలి మీద ఒక్క క్షణం కూర్చుని, గోడ మీదుగా ఎగిరిపోయింది. కోటు నీదగ్గరే ఉంచుకొమ్మని మౌలాలిని పంపేసి, ఆమె మొగుడి వైపు తిరిగింది. మొహం మీద పుంజు గీతలతో ఆయన తల వంచుకుని నిలబడ్డాడు.

"తప్పే జ్ఞానం. కానీ దుర్భిణి వాడికి పోతే నేను బతకలేను. పిట్టను నువ్వు చూసిన మాట నిజమే కదా?"

ఆమె కింద పడ్డ దుప్పట్లు ఏరి భుజాన వేసుకుంది.

"నిజమే. జూసింది జూసినట్టు నేనే పుస్తకంల రాస్త. అబద్ధం ఒక్క ముక్క రాయ. మీరు మాత్రం అది ముందుగాల చదువొద్దు."

మాస్టారు ఆ పూట మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. దుర్భిణి తగిలించడానికి గోడకు మేకు కూడా కొట్టాడు.

ఆదివారం కోతల పండుగ. చర్చి ముందంతా గుమ్మడికాయలు, జొన్నకంకులు, కాళ్లు కట్టిన కోళ్లు. ఆరాధన అయ్యాక దొర పుస్తకం తెరిచి, సంఘానికి వినబడేలా చదివాడు.

"సెప్టెంబరు ముప్ఫై, గురువారం, ఉదయం ఆరున్నర. పొన్నంగి పిట్ట. మౌలాలి దగ్గర చూశాను. జ్ఞానమణి."

దేవసహాయం సగం లేచినవాడు అలాగే నిలబడిపోయాడు. అవతలి బెంచీలో ఏసురత్నం పూర్తిగా లేచాడు.

"మౌలాలి దగ్గరేనా అమ్మా?" అని దొర టోపీ తీసి అడిగాడు.

"మౌలాలి దగ్గర్నే, అయ్యగారూ. మా ఆయన సుత ఉండె. అడుగుండ్రి."

రెండు వందల తలలు మాస్టారి వైపు తిరిగాయి. మౌలాలి అంటే ఊరు కాదు, మనిషి అని చెప్పొచ్చు. చెబితే ఆ మనిషి వెనక బుట్ట, బుట్ట వెనక దారం, దారం వెనక కోటు, ఒక్కొక్కటే బయటికొస్తాయి. మాస్టారు భార్య వైపు చూశాడు. ఆమె గుమ్మడికాయల వైపు చూస్తోంది.

"అవునండి. మౌలాలి... దగ్గరే."

"అయితే సాక్షిగా సంతకం పెట్టు నాయనా."

పెట్టాడు. పిట్ట ఏసురత్నం లెక్కలో పడింది. తొంభై రెండు. దొర కళ్లొత్తుకున్నాడు. పరుల హద్దులో చూసిన పిట్టను దాచుకోకుండా వాళ్లకే అప్పగించిన నీతిమంతుణ్ణి ఈ ఊళ్లో చూశాకే వెళుతున్నానన్నాడు. సంఘమంతా స్తోత్రం చెప్పింది. ఏసురత్నం దుర్భిణి మెడలో వేసుకుని వచ్చి మాస్టారిని కౌగిలించుకున్నాడు. దుర్భిణి ఆయన ఎదురురొమ్ముకు గట్టిగా గుచ్చుకుంది.

"బ్రదర్, నేనూ దాన్ని అక్కడే మూడుసార్లు చూశాను. మేబెల్‌కు పడిశం పట్టి సంతకం పెట్టలేకపోయింది."

‘అక్కడే’ అన్నది పచ్చి అబద్ధమని జ్ఞానమణి కాక తెలిసినవాడు దేవసహాయం ఒక్కడే. ఆయన తల ఊపాడు.

ఇంటి దారిలో ఆయన పేలాడు. "నా కొంప ముంచావు!"

"అబద్ధం రాసిన్నా?"

"లేదు."

"మీ ఇజ్జత్ తీసిన్నా?"

"లేదు. పెరిగింది కూడా. అదే బాధ!"

జ్ఞానమణి నడక ఆపింది. "పది నెలల సంది కొంగ కాళ్లు ఎర్రగున్నయి, చిలక ముక్కు వంకరగున్నది అని చెప్తున్నరు. నేను ఈస్టరు పండుగకు ఏ చీర కట్టిన్నో చెప్పుండ్రి. ఏసురత్నం మీద మీకు కడుపు మండుతది. పిట్టల మీద నాకు మండదా? ఆ దుర్బీన్ ఇంటికొస్తే నేను అసలే కనబడను."

దేవసహాయానికి చీర గుర్తు రాలేదు. అందుకు నిజంగానే బాధపడి, ఆమె చేతిలోని పాటల పుస్తకం తాను పట్టుకుని నడిచాడు.

ఆ తర్వాతి శనివారం తలుపు తట్టింది ఏసురత్నమే. మెడలో దుర్భిణి.

"రా బ్రదర్, మీరు చూసిన చోటు చూపించు. మళ్లీ వచ్చిందేమో."

"పొయ్యిరాండ్రి," అని జ్ఞానమణి డబ్బాలో చపాతీలు కట్టిచ్చింది.

మౌలాలి గుట్ట కింద దేవసహాయం ఎదురుగా దూరాన కనబడిన మొదటి చెట్టును చూపించాడు. ఏసురత్నం దుర్భిణి కళ్లకు పెట్టుకుని చెట్టు మొదట్లో చాలాసేపు వెతికాడు. ఉన్నట్టుండి మునివేళ్ల మీద లేచాడు.

"అదిగో! పచ్చ వీపు! పొట్ట కింద ఎరుపు! నీకూ కనబడుతోందా బ్రదర్?"

నిజంగానే ఉందో, వాడు మళ్లీ కోతలు కోస్తున్నాడో తెలియాలంటే ఆ దుర్భిణిలోంచి చూడాలి. ఏసురత్నం దాన్ని కళ్ల మీంచి దించడం లేదు. దేవసహాయం పిడికిళ్లు రెండూ చుట్టి కళ్లకు పెట్టుకున్నాడు. ఎండ, చెట్టు, కింద ఎండుటాకులు.

"కనబడుతోంది," అన్నాడు.