మస్తాన్ నిద్ర, లింబాద్రి ఇసుక

ఆ శుక్రవారానికి లింబాద్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే స్నానం చేసి, తాళ్లతో బిగించిన అట్టపెట్టెను డ్రైవర్ మస్తాన్ వలీ బండిలో వేసుకుని, మధ్యాహ్నం విమానం ఎక్కాలి. సోమవారం ఊళ్లో అతని కొత్త ఇంటికి స్లాబు. యజమాని దగ్గర లేకపోతే మేస్త్రీ ఎంత సిమెంటు మింగుతాడో, తానే మేస్త్రీ అయిన లింబాద్రికి బాగా తెలుసు.

తలుపు తీస్తే, సౌదీలో సులై అనే చోట ఉన్న వాళ్ల కార్మికుల క్యాంపు ఆవరణ గుర్తుపట్టేలా లేదు. రాత్రంతా వీచిన ఇసుక తుపాను గోడవార ఉన్నవాటన్నింటినీ కప్పేసి మూడు దిబ్బలు చేసింది. బండి వాటిలో దేని కింద ఉందో తెలియదు.

"మస్తాన్ భాయ్‌ని లేపి అడుగుదమా?" అన్నాడు లింబాద్రి.

"శుక్రారం పొద్దుగాల లేపుతవా? పిచ్చి గిట్ల లేసిందా?" అన్నాడు అతని గదిలోనే ఉండే బాలన్న. వారానికి ఒక్క సెలవు. ఆ నిద్ర చెడగొట్టినవాణ్ని క్యాంపులో ఎవరూ క్షమించరు. "సప్పుడు జెయ్యకుంట మనమే తవ్వి పెడుదం. లేసి చూసి ఖుషీ అయితడు."

గదిలో మిగతావాళ్లూ పారలు పట్టుకుని వచ్చారు. అందులో స్నేహం కొంత, అట్టపెట్టెలో ఇరికించిన తమ పార్సిళ్ల మీద బెంగ కొంత. లింబాద్రి ఎగిరితేనే అవి ఎగురుతాయి.

గుసగుసలతో తవ్వకం మొదలైంది. మొదటి దిబ్బలో కాంక్రీటు కలిపే మిల్లర్ బయటపడింది. ఆ ఇసుకంతా రెండో దిబ్బ మీద పోశారని అప్పుడు గమనించారు. దాన్ని రెట్టింపు శ్రమతో తవ్వితే పాత నీళ్ల ట్యాంకు దొరికింది. ఈసారి బాలన్న తెలివిగా, ఇసుకను ఆవరణలో ఖాళీగా ఉన్న ఒకే ఒక్క చోట, ఎదుటి రేకుల షెడ్డు ముందు పోయించాడు.

మూడో దిబ్బలో తెల్ల పికప్ కనిపించగానే లింబాద్రికి ప్రాణం లేచి వచ్చింది. ఇంకాస్త తవ్వాక మళ్లీ కూర్చుంది.

"అన్నా, దీనికి టైర్లు లేవే!"

"తుపానుకు కొట్టుకపోయినయేమో," అన్నాడు బాలన్న, కాస్త ఆలోచించి.

అప్పటికి మస్తాన్ వలీ కళ్లు నులుముకుంటూ బయటికి వచ్చాడు. "ఏందన్నా, ఆ తుక్కు బండిని యాల తవ్వుతాండారు?"

"మరి నీ బండేది భాయ్?"

"తుపానొస్తాదని ఫోన్‌లో మెసేజి వచ్చినాది. రాత్రే షెడ్డులో పెట్టినా."

అందరూ షెడ్డు వైపు తిరిగారు. దాని షట్టరు సగానికి పైగా ఇసుకలో ఉంది.

"నన్ను లేపుంటే చెప్పేవాణ్ని గదా!"

"శుక్రారం గద భాయ్," అన్నాడు బాలన్న, నేలచూపులు చూస్తూ.

ఈసారి తవ్వకం కేకలతో సాగింది. పక్క క్యాంపువాళ్లు కూడా లేచి తిట్టారు. షట్టరు లేచీ లేవకముందే మస్తాన్ "యల్లా, యల్లా!" అని తొందరపెడుతూ బండి దూకించాడు. విమానం తుపాను వల్ల ఆలస్యమైంది కాబట్టి లింబాద్రికి దొరికింది. ఎక్కిన మనిషి హైదరాబాద్ వచ్చేదాకా కళ్లు తెరవలేదు. భోజనం ట్రే తెచ్చిన అమ్మాయిని నిద్రలోనే, "అది షెడ్డు ముందట పొయ్యి," అని కసిరాడట.

ఊళ్లో కారు ఇంటిదాకా వెళ్లలేదు. గేటుకు అడ్డంగా, స్లాబు కోసం తెప్పించిన ఇసుక కొండంత పోసి ఉంది. దాని అవతల భార్య పుష్ప సంతోషంగా చేతులు ఊపుతోంది.

"నిన్ననే టిప్పర్ వచ్చింది. లోపటికి మొయ్యనీకి కూలోళ్లను పిలిస్తే మేస్త్రీ వద్దన్నడు. సౌదీల ఇసుకల పనిజేసినోడు వస్తుండు గద, ఆయనకిదొక లెక్కా అన్నడు."

లింబాద్రి జేబులోంచి ఫోన్ తీసి, తిరుగు టికెట్టు ఏ తేదీకి ఉందో చూసుకున్నాడు.