తగ్గని బీపీ ఊరికెంత మేలు

మందులకు లొంగని బీపీ ఒక వరం. దానికి కారణం ఎవరికీ తెలియకపోవడం ఇంకా పెద్ద వరం. ఈ రెండూ ఒకే మనిషిలో కుదిరాయా, ఆ మనిషి సంగతి ఏమోగానీ అతని ఊరు మాత్రం పెట్టి పుట్టిందన్నమాటే.

నమ్మకపోతే మా విటోమిర్‌ను చూడండి.

మోరావా నది ఒడ్డున అతనికి ప్లమ్ తోట, ఇంటి వెనక ఉప్పు పట్టించిన మాంసానికి పొగపెట్టుకునే గది ఉన్నాయి, ఇంట్లో కోసానా అనే భార్య ఉంది. మాట తక్కువ మనిషి. అతను గొంతు పెంచగా విన్నవాళ్లు లేరు. అలాంటివాడికి బీపీ నూట తొంభై. ఒక మాత్రకు దిగలేదు, రెండింటికి దిగలేదు. నాలుగో మాత్ర మొదలయ్యేసరికి ఊరంతా డాక్టర్లయిపోయారు. దేశంలో డాక్టర్లు చాలడం లేదని పేపర్ల వాళ్లు రాస్తుంటారు. మా ఊళ్లో ఆ కొరత ఏనాడూ లేదు.

మా వైపు ఇంటికొచ్చిన మనిషికి కాఫీ ఇస్తారు, కప్పు కింద పెట్టేలోపు జబ్బకు బీపీ పట్టీ చుడతారు. అది మర్యాద. పక్కింటి స్తామెంకా అయితే మిషన్ చంకలో పెట్టుకునే గడప దాటుతుంది. తెర మీద అంకె పడగానే ఇక అది రక్తం సంగతి కాదు, మనిషి గుణం సంగతి. నూట ఇరవై వచ్చినవాడు బుద్ధిమంతుడు. నూట నలభై వచ్చినవాడు పెళ్లాంతో తగాదా పడ్డాడు. నూట తొంభై వచ్చినవాడు ఏదో దాస్తున్నాడు.

"నిజం చెప్పు అన్నయ్యా. పొద్దున ఏం తిన్నావు?" అని అడిగేది స్తామెంకా.

"ఉప్పులేని రొట్టె."

"దానిమీదకి?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఈ నూట తొంభై ఎక్కడ్నించి వచ్చింది, గాల్లోంచా?"

"గాల్లోంచే వచ్చుంటుంది," అనేవాడు కోసానా తమ్ముడు రాడిషా, సారా గ్లాసు వెలుతురుకి పట్టి చూసుకుంటూ. "బావ కిటికీ, తలుపు రెండూ తీసుకుని మధ్యలో కూచుంటాడు. ఎదురుగాలి తగిలితే గుర్రానిక్కూడా నరాలు పాడవుతాయి."

"మిషన్ తప్పేమో," అని ఒకసారి విటోమిర్ అన్నాడు.

"మిషన్‌కి అబద్ధమాడాల్సిన ఖర్మేంటి?" అంది స్తామెంకా. తన సంచిలోంచి గులాబీ రంగు మాత్ర ఒకటి తీసి అతని సాసర్లో పెట్టింది. "ఇది వేసుకో. డాక్టరు నాకిచ్చాడు. నాకు తగ్గలేదనుకో, నీకు తగ్గుతుందేమో."

ఇరుగుపొరుగు ఇంత దగ్గరగా బతకడం మామూలు జ్వరాలతో సాధ్యమా? జ్వరం మూడు రోజుల్లో పోతుంది. పోయాక ఎవరి తలుపు వాళ్లు వేసుకుంటారు. తగ్గని బీపీ ఏళ్ల తరబడి తలుపు తీసే ఉంచుతుంది.

లాభపడని వాళ్లెవరో చెప్పండి. మందుల షాపువాడు అరుగు వేయించుకున్నాడు. కోసానాకి చర్చిలో ముందు వరసలో చోటు దొరికింది, అంత మొండి మొగుణ్ణి భరిస్తున్నందుకు. రాడిషా త్యాగమైతే చెప్పనలవి కాదు. బావ ప్రాణానికి ముప్పని పొగగదిలో వేలాడే పందిమాంసమంతా భుజాన వేసుకుని తన ఇంటికి మోసుకుపోయాడు. అక్కడితో ఆగక మరుసటేడు కూడా వచ్చాడు.

ఇక ఊరి క్లినిక్ డాక్టరు బ్లాగోయే. విటోమిర్ కూర్చోగానే ఆయన ముందు అతని పొట్ట చూసేవాడు, తర్వాత కాగితాలు చూసేవాడు.

"పొటాషియం మళ్లీ తక్కువొచ్చింది. అరటిపళ్లు తినండి."

"తింటున్నానండీ."

"ఉప్పు మానేయండి."

"మానేశానండీ."

"మందులు వేళకి వేసుకోండి."

"వేసుకుంటున్నానండీ."

బ్లాగోయే కళ్లజోడు మీదుగా చూసి నవ్వేవాడు. "అందరూ ఇదే చెబుతారు విటోమిర్ గారూ."

చూశారా, ఎంత సుఖమైన వైద్యం! రోగి అబద్ధమాడుతున్నాడు అనే ఒక్క మాటతో రోగం తేలిపోయింది. ఇంకో పరీక్ష రాయక్కర్లేదు, ఇంకో పుస్తకం తిరగెయ్యక్కర్లేదు.

సాక్ష్యం కూడా బలంగానే ఉంది మరి. విటోమిర్ రాత్రుళ్లు లేచి బయటికి పోయేవాడు, ఒక్కసారి కాదు. వెనక తలుపు చప్పుడు కోసానా వినేది. వెనక ఏముంది? పొగగది. ఆమె దానికి తాళం వేసి తాళంచెవి మెళ్లో కట్టుకుంది. అయినా అతను లేవడం మానలేదు. "దొంగ తాళంచెవి చేయించి ఉంటాడు వదినా," అని తేల్చింది స్తామెంకా. గదిలో మాంసం రాడిషా ఇంటికి చేరిపోయిందన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

మూత్రానికి వెళుతున్నానని విటోమిర్ చెప్పాడు. ఎవరైనా చెప్పే మాటేగా అన్నారు.

తోటలో నిచ్చెన ఎక్కుతుంటే అతని కాళ్లు సహకరించేవి కావు. దాన్ని బద్ధకం కింద రాసుకున్నారు. అతనికి చావంటే అంత దిగులు లేదు. పడుకున్నప్పుడు కోసానా తన నోరు వాసన చూడటం, చూసి అటు తిరిగి పడుకోవడం, అదీ అతను తట్టుకోలేకపోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఒక్క రొట్టెముక్క విషయంలో తన మాట చెల్లదా?

అంతా ఇంత సవ్యంగా సాగుతుండగా ఒకనాడు అతని కుడికంట్లో ఎర్రటి తెర దిగింది. కంటి డాక్టరు చూసి, ఇది బీపీ పనేనని బెల్‌గ్రేడ్‌లో పెద్దాసుపత్రికి పంపించాడు. మా ఊరి సుఖానికి అక్కడే గండి పడింది.

అక్కడి డాక్టరమ్మ వయసులో చిన్నది. పొట్ట వైపు చూడలేదు.

"రాత్రుళ్లు లేస్తారా?"

విటోమిర్ భార్య వైపు చూశాడు. "లేస్తాను. దొడ్లోకి. నాలుగైదుసార్లు."

"కాళ్లల్లో బలం లేనట్టుంటుందా?"

"ఉంటుంది."

"పొటాషియం తక్కువుందని ఇంతకుముందెవరూ చెప్పలేదా?"

"అరటిపళ్లు తినమన్నారు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. మూత్రపిండాల మీద టోపీల్లా చెరో గ్రంథి కూర్చుని ఉంటుందట. అందులో ఒకటి అదుపు తప్పితే ఒక హార్మోన్‌ను పట్టపగ్గాల్లేకుండా వదులుతుందట. ఒంట్లో ఉన్న ఉప్పును అది బయటికి పోనివ్వదు, పొటాషియంను తోలేస్తుంది. మనిషి ఎంత పత్యం ఉన్నా బీపీ దిగదు. తెలుసుకోవాలంటే మొదట చేయాల్సింది రక్తపరీక్ష. అది చేశారు, అనుమానం బలపడింది. మందులు మార్చి, పొటాషియం మాత్రలు ఇచ్చి, బీపీ కొంత దిగేదాకా కొన్ని వారాలు ఆగారు. అప్పుడు డాక్టరమ్మ అసలు మాట చెప్పింది.

"మూడు రోజులు ఉప్పు బాగా తినండి. పొటాషియం మాత్రలు ఆపొద్దు, రోజూ నాకు ఫోన్ చేయండి. అంత ఉప్పు తిన్నా ఆ హార్మోన్ తగ్గకపోతే దొంగ దొరికినట్టే."

ఊరు అట్టుడికిపోయింది. ఉప్పా? విటోమిర్‌కా? బ్లాగోయే డాక్టరు పెదవి విరిచాడు. "ఆ పిల్ల చంపేస్తుంది వదినా," అంది స్తామెంకా. రాడిషా ఒక్కడే బావకు ధైర్యం చెప్పాడు, మాంసం మాత్రం వెనక్కి తేలేదు.

కోసానా వంటింట్లోకి నడిచింది. మూడు రోజులూ ఉప్పునీళ్లలో ఊరేసిన క్యాబేజీ వడ్డించింది, పక్కింట్లో అడిగి తెచ్చిన పందిమాంసం వడ్డించింది. విటోమిర్ పళ్లెం ఖాళీ చేశాడు. ఏళ్ల తర్వాత తింటున్నాడు కదా, చప్పగా ఉంటే నాలుకే మొద్దుబారిందనుకున్నాడు.

మూత్రపరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ మొహం చిట్లించింది. "ఈయన ఉప్పు తినలేదు. ఆ గ్రంథి ఎంత పట్టి ఉంచినా, అంత ఉప్పు తింటే మూత్రంలో కనబడి తీరాలి. ఇందులో ఉప్పే లేదు."

విటోమిర్ కుర్చీలో ముందుకు జరిగాడు. "ఆ మాట ఇంకోసారి చెప్పండి డాక్టరమ్మా. కొంచెం గట్టిగా. మా ఆవిడకి వినబడాలి."

"ఉప్పు తినలేదంటున్నాను. ఎందుకు తినలేదు?"

"నేనే కడిగేశాను," అంది కోసానా. "క్యాబేజీ మూడు నీళ్లు మార్చి పిండాను. మాంసం రాత్రంతా నానబోశాను."

"ఎందుకమ్మా అలా చేశారు?"

"చచ్చిపోతాడేమోనని."

తర్వాత డాక్టరమ్మ అతణ్ణి ఆసుపత్రిలోనే పడుకోబెట్టి, ఊరి చేతికి అందని దారిలో, నరంలోంచి ఉప్పునీళ్లు ఎక్కించింది. హార్మోన్ దిగలేదు. దొంగ దొరికింది. ఎడమవైపు గ్రంథిలో చిన్న బాదంలాంటి హేజల్ గింజంత గడ్డ. ఇన్నేళ్లూ పొగగదిలో వెతికారు కానీ అది ఉన్నది అక్కడ.

తిరిగొచ్చే బస్సులో కోసానా కిటికీ వైపు నుంచి అతని వైపు తిరిగింది.

"అయితే ఆ రాత్రుళ్లు నువ్వు దొడ్లోకే వెళ్లావా?"

"దొడ్లోకే."

"మరి గట్టిగా చెప్పొచ్చుగా."

"గట్టిగా చెబితే బీపీ పెరిగిందనేవాళ్లు."

తర్వాత చిన్న చిన్న గాట్లతోనే గడ్డ తీసే ఆపరేషన్ అయింది. నాలుగు మాత్రల చోట చిన్నది ఒకటి మిగిలింది. విటోమిర్ ఇంటికొచ్చిన రోజు అందరూ కాఫీకి వచ్చారు, బ్లాగోయే కూడా వచ్చాడు. ఆ రక్తపరీక్ష ఎందుకు రాయలేదని కోసానా ఆయన్ని సూటిగా అడిగింది.

"మిమ్మల్ని చూస్తే హార్మోన్ రోగిలా అనిపించలేదు విటోమిర్ గారూ," అన్నాడు ఆయన, ఎంతో మర్యాదగా. "మాంసం తినే మనిషిలా అనిపించారు."

స్తామెంకా పట్టీ చుట్టింది. నూట ఇరవై నాలుగు. గది చల్లబడిపోయింది.

"బ్యాటరీ అయిపోయింటుంది," అన్నాడు రాడిషా. బ్యాటరీ మార్చారు. నూట ఇరవై రెండు.

"మిషన్ పాతబడింది వదినా," అంది స్తామెంకా.

"కోపం తగ్గించుకున్నాడు, అదీ విషయం. మేం చెబుతూనే వచ్చాం," అన్నారు మిగతావాళ్లు.

కోసానా కాఫీ గిన్నె పొయ్యి మీదే వదిలి వచ్చి నడిగదిలో నిలబడింది. "ఆయన మందులు వేసుకున్నాడు. ఉప్పు తినలేదు. మొదట్నుంచీ. నేను చెబుతున్నా, వినండి. రాడిషా, ఆ మాంసం రేపు పొద్దున్నకల్లా ఇక్కడుండాలి."

ఇప్పుడు చెప్పండి, ఇందులో ఎవరు బాగుపడ్డారు? కాఫీలు చల్లారాయి. చర్చిలో ముందు వరస పోయింది. అందరం కలిసి కనిపెట్టిన రోగం ఒక గింజంత గడ్డతో పాటు చెత్తబుట్టలో పడింది. అబద్ధాలకోరు రోగితో ఊరు ఎన్నేళ్లయినా కాపురం చేస్తుంది. ఆరోగ్యంగా ఉంటూ, పైగా చెప్పిందంతా నిజమేనని తేలినవాడితో ఎలా వేగడం? అందుకే అంటున్నాం, ఆ రక్తపరీక్ష జోలికి పోకండి. మనిషిని అనుమానించడం అన్నిటికన్నా చవకైన వైద్యం, ఎవరైనా చేయొచ్చు.

అందరూ వెళ్లాక స్తామెంకా గేటు దగ్గర ఆగింది. మిషన్ కొంగు కింద దాచుకుని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"అన్నయ్యా, ఆ పరీక్ష... ఉప్పు నిజంగానే తినని వాళ్లకి కూడా చేస్తారా?"

విటోమిర్ కూడా అటూ ఇటూ చూశాడు.

"చేస్తారు," అన్నాడు. "వెళ్లేటప్పుడు మాత్రం ఊళ్లో ఎవరికీ చెప్పకు. తెలిసిందంటే మేమంతా కలిసి నీకు వైద్యం చేసేస్తాం."