మూడో అరలో చెవులు

విజయవాడ ఆటోనగర్‌లో తయారైన పిచ్చుక అనే చిన్న కారు గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటాలని, శుక్రవారం మధ్యాహ్నం దాని డ్రైవరు యేసుపాదం చెవులు రెండూ విప్పి, చీటీ కట్టి, స్టోరులో మూడో అరలో పెట్టారు. కుడి చెవి తేలిగ్గానే వచ్చింది. ఎడమ చెవి బోల్టు తుప్పు పట్టి ఉంటే రెండు చుక్కలు కిరోసిన్ వేసి పది నిమిషాలు ఆగారు.

పని అంతదాకా ఎందుకొచ్చిందో చెప్పాలి. లేకపోతే షెడ్డు యజమాని భావనారాయణ గారిని మీరు తప్పుగా అనుకుంటారు, ఆయన నిజంగా మంచివాడు. పిచ్చుకకు పైకప్పు లేదు, సీట్లు రెండే, మొత్తం బరువు ఐదు వందల నలభై కిలోలు. రెండు వందలు దాటితేనే బండి తీసుకుంటానన్నాడు హైదరాబాదు కస్టమరు. ఇంజను మార్చడానికి లేదు. ఇక తేల్చుకోవాల్సింది గాలితోనే. ముందు అద్దం కోసి జానెడు చేశారు. పక్క అద్దాలు పీకేశారు. అడుగున నున్నటి రేకు బిగించి, రెండో సీటు మీద మూత వేశారు. ముందు కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండ కూడా తీసేస్తే పెయింటరు ఒక పూట అలిగి అన్నం తినలేదు. ఇన్ని చేసినా బండి నూట తొంభై ఆరు దగ్గర మొండికేసింది.

గాలి ఎక్కడ తడబడుతోందో చూద్దామని బండి నిండా ఊలు దారం ముక్కలు అంటించి పరిగెత్తించారు. బండి మీది దారాలన్నీ బుద్ధిగా వెనక్కి పడుకున్నాయి. యేసుపాదం మొహం మీద, భుజాల మీద అంటించినవి మాత్రం ఒకటే గిలగిల. హెల్మెట్ తలను లావు చేస్తోందని దాన్ని ముందే తీసేశారు.

"లోపం బండిలో లేదయ్యా," అన్నారు భావనారాయణ గారు.

"నాలో ఉందాండి?"

"నీ తప్పేం లేదు. నువ్వు మనిషివి, అంతే."

మొదట మీసం పోయింది, అర కిలోమీటరు పెరిగింది. తర్వాత డెంటింగ్ మేస్త్రి భుజాలు రెండూ కిందికి దించి, చివరలు చెక్కి, ఎమరీ కాగితంతో రుద్ది నున్నగా చేశాడు. దాంతో నూట తొంభై ఎనిమిది వచ్చింది. యేసుపాదం ఏడేళ్ల కూతురు షారోను రోజూ సాయంత్రం ఆ భుజాలెక్కి వీధంతా ఊరేగేది. ఇప్పుడు ఎక్కితే జారిపోతోంది కాబట్టి చెయ్యి పట్టుకుని నడుస్తోంది. ఇంట్లో పెద్ద గొడవేం కాలేదు. ఉద్యోగమన్నాక ఇలాంటివి ఉంటాయి కదా.

చెవుల దగ్గర మాత్రం యేసుపాదం ఒక్కటి అడిగాడు. "ఆదివారం చర్చిలో పిల్లల ప్రోగ్రాం అండీ. మా పాప మొదటిసారి ఒక్కతే పాడుతోంది. అప్పటికి బిగించేస్తారా?"

"శనివారం టెస్టు అవ్వగానే నా చేత్తో నేనే బిగిస్తా," అన్నారు భావనారాయణ గారు. ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు.

ఈ షెడ్డులో ఒక ఆచారం ఉంది. బండి నుంచి విప్పింది ఏదైనా సరే, పనికిరాని వాషరైనా సరే, బండి నంబరుతో చీటీ కట్టి దాచి, డెలివరీ నాడు ఓనరుకు అప్పజెబుతారు. పాత సామాను కొట్టేశారని ముప్పయ్యేళ్లలో ఒక్క కస్టమరు కూడా అనలేదు. స్టోరు చూసే నాంచారమ్మ గారికి అదే గర్వం. చెవులకు, భుజాల చెక్కులకు కూడా ఆవిడ అదే చేత్తో చీటీలు కట్టారు. చీటీ మీద బండి నంబరే రాశారు. వేరే నంబరు రాయడం ఆవిడకు అలవాటు లేదు.

విప్పినంత మాత్రాన చెవులు పని మానలేదు. యేసుపాదం ఎక్కడున్నా అతనికి స్టోరే వినిపించేది. ఫ్యాను కిర్రు, నాంచారమ్మ గారు టీ ఊదుకోవడం, అంతే. ఆ సాయంత్రం ఇంట్లో పక్కనే కూర్చున్న భార్య కరుణ అతనితో మాట్లాడ్డానికి స్టోరుకు ఫోను చేసింది. నాంచారమ్మ గారు ఫోను తీసుకెళ్లి కుడి చెవికి ఆనించారు.

"పప్పులో ఉప్పు సరిపోయిందా?" అంది కరుణ.

"సరిపోయింది," అన్నాడతను ఆమె మొహం చూస్తూ.

పాట ఒక్కసారి ఫోన్లో పాడమని షారోనును అడిగింది కరుణ. "ఊహూ. నాన్న చర్చిలోనే వినాలి," అని ఫోను తిరిగి ఇచ్చేసింది పిల్ల.

శనివారం పొద్దున, ప్రారంభోత్సవం తేదీ కోసం రెండేళ్లుగా పడిగాపులు కాస్తున్న బైపాసు రోడ్డు మీద పిచ్చుక రెండు వందల ఒకటి అందుకుంది. ఆ వేగంలో యేసుపాదానికి గాలి హోరు వినబడలేదు. స్టోరులో కస్టమరు మనిషితో మాట్లాడుతున్న నాంచారమ్మ గారి గొంతు వినబడింది.

"పాత సామానంతా ఈ పెట్టెలో ఉంది బాబూ. ఒక్కటి కూడా తగ్గలేదు, చూసుకోండి."

ఆ వెంటనే మూత పడింది. మేకులు కొడుతున్న చప్పుడు వచ్చింది.

అతను బండి ఆపి, "అమ్మా, అవి నావి," అని అరిచాడు. నాంచారమ్మ గారు ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్నారు. ఫోను బరువని దాన్ని షెడ్డులోనే పెట్టించారు. రెండు వందల ఒకటి పోగల బండి వేసుకుని అతను వెనక్కి బయల్దేరాడు. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు ఆగిపోయాడు. షెడ్డు చేరేసరికి పెట్టె వేసుకుని కస్టమరు వ్యాను వెళ్లిపోయింది. టోల్‌గేటు దగ్గర మొక్కజొన్న పొత్తులు అమ్ముతున్న కేక అతనికి స్పష్టంగా వినిపిస్తోంది.

భావనారాయణ గారు అప్పటికప్పుడు కస్టమరుకు ఫోను చేశారు. చాలాసేపు బతిమాలారు. తర్వాత జవాబు ఒక కాగితం మీద రాసి చూపించారు. 'సామాను సెట్టుగా షోకేసులో పెడుతున్నారట. విడగొట్టరట. ఆర్నెల్లకు బండి సర్వీసుకు వచ్చినప్పుడు చూద్దామంటున్నారు.' ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓదార్చడానికి యేసుపాదం భుజం మీద చెయ్యి వేశారు, అది జారిపోయింది. కాగితం వెనక ఇంకో మాట రాశారు. 'సోమవారం కొత్త బండి మొదలవుతుంది. రా.'

ఆదివారం షారోను తెల్ల గౌను వేసుకుని మైకు ముందు నిలబడింది. జనంలో నాన్న ఎక్కడున్నాడో వెతికి, కనబడ్డాక నోరు తెరిచింది.

యేసుపాదానికి కప్పుల చప్పుడు వినబడింది. సోఫాలో ఎవరో సర్దుకు కూర్చున్నారు. "రెండు వందల ఒకటండీ," అంటున్నాడు కస్టమరు. "గాలికి అడ్డం అన్నదే లేదు."

"అచ్చం నిజం చెవుల్లా ఉన్నాయే," అంది ఒక ఆడగొంతు.

"నిజమైనవే."

యేసుపాదం కూతురి పెదాలు చూస్తూ, అవి సాగినప్పుడల్లా తల ఊపాడు. పాట అయిందని అతనికి తెలియలేదు. కరుణ చప్పట్లు కొట్టడం చూసి, తనూ ఒక క్షణం ఆలస్యంగా కొట్టాడు. ఎవరైనా గమనించారేమోనని సిగ్గుపడి పక్కకు చూశాడు. ఆ వరసలో బ్యాంకులో పనిచేసేవాడు, ఫోను కంపెనీవాడు, కాలేజీ లెక్చరరు, అందరూ భార్యల చేతులు చూసి ఆలస్యంగా చప్పట్లు కొడుతున్నారు. కొందరికి జుట్టు చెవులుండాల్సిన చోటి మీదికి దువ్వి ఉంది.

షారోను పరిగెత్తుకొచ్చి మొహం పైకెత్తి ఏదో అడిగింది.

"చాలా బాగా పాడావమ్మా," అన్నాడు యేసుపాదం.

తర్వాత పాడిన పిల్లలు కూడా ఒక్కొక్కరే దిగి వచ్చారు. ఆ వరసలోని నాన్నలందరూ తమ పిల్లల పెదాలు చూస్తూ అదే మాట అన్నారు.