మా ఊరు సెలెక్టయింది

కరువు సీమకు కావలసింది వాన కాదు, పరిశోధకుడు!

కోపం తెచ్చుకోకండి. వాన ఎన్నడైనా మన వాకిట్లో చాప మీద కూర్చుని "మీ కష్టాలేమిటి?" అని అడిగిందా? కురిస్తే కురుస్తుంది, లేకుంటే కర్ణాటక వైపు పోతుంది. పరిశోధకుడు అట్లా కాదు. చెప్పిన నాటికి వస్తాడు. వేరుశనగ ఎండిపోయిందని తెలిస్తే ఇంకా ముందే వస్తాడు. వాన మొహం చాటేసిన ఏడే కదా మా అనంతపురం జిల్లాలో జీపుల పంట విరగపండేది!

పోయిన ఏడు కంబదూరు దారిలోని మా ఊరికి మల్లికార్జునయ్య సారు వచ్చారు. పై దేశపు యూనివర్సిటీ కోసం 'కరువు, గ్రామ సంస్థలు, ప్రపంచ పాలన' అనే విషయం మీద మూడేళ్ల పరిశోధన. మా ఊరి నీళ్ల గొడవ ప్రపంచం దాకా పోయింది. పంచాయతీ సమితి ఆఫీసు దాకానే పోలేదు ఇన్నాళ్లూ!

"మీ ఊరు సెలెక్టయింది" అని సారు అనగానే సర్పంచి శ్రీరంగప్ప టెంకాయ కొట్టించాడు. తప్పెట్లు మోగాయి. పక్క ఊరు కూడా సెలెక్టయింది. వాళ్లకు కొత్త బోరింగు వచ్చింది, నీటి సంఘం వచ్చింది, సంఘానికి పుల్లన్న ప్రెసిడెంటు అయ్యాడు. మాకేమొస్తుందా అని దారి వైపు చూస్తూ కూర్చున్నాం.

అప్పుడు సారు నిదానంగా చెప్పారు. పక్క ఊరు నీళ్లిచ్చి చూసే ఊరు. మాది ఏమీ చేయకుండా చూసే ఊరు. మూడేళ్లయ్యాక రెంటినీ పోల్చి, మనుషులకు నీళ్లిస్తే మేలా, ఇవ్వకుంటే మేలా అన్నది తేలుస్తారు.

"ఏమీ చేయకుండా ఉండేదానికి సెలెక్షన్ ఎందుకు సార్? మా ఊరికి ముందు నుంచీ జరిగేది అదే కదా" అన్నాడు శ్రీరంగప్ప.

"ఇన్నాళ్లూ ఊరికే చేయలేదు. ఇక శాస్త్రీయంగా చేయం."

తేడా తెలిసిందా? ప్రభుత్వం మమ్మల్ని మరిచిపోయిందని ఎన్నేళ్లు ఏడ్చాం! ఇప్పుడు మమ్మల్ని ఎవరూ మరిచిపోలేదు. గుర్తుపెట్టుకుని మరీ వదిలేశారు.

ఇంతలో మా ఊరికున్న ఒక్క పాత బోరింగు కడ్డీ విరిగింది. మెకానిక్కును పిలుద్దామంటే, లెక్క చెడిపోతుందని సారు చేతులు పట్టుకున్నారు. విరిగిన బోరింగు ముందు గ్రామ సంస్థ ఎట్లా నడుచుకుంటుందో చూడాలట. రిపోర్టు బాగా వస్తే నీళ్లు ప్రపంచ పెద్దలుండే జెనీవా నుంచే వస్తాయని శ్రీరంగప్ప నమ్మకం. సరేనన్నాడు. గ్రామ సంస్థ మాత్రం చక్కగా నడుచుకుంది. కడవలెత్తుకుని పక్క ఊరికి నడిచింది.

అక్కడ పుల్లన్న అడ్డం నిలబడ్డాడు.

"ఏమ్మా రామలక్ష్మమ్మా, మీది ఏమీ చేయని ఊరంట కదా. మా నీళ్లు తాగితే సారు సదువు చెడిపోదా?"

"చెడితే మల్లా సదువుకుంటాడులే. పక్కకు జరుగన్నా, ఇంట్లో నా బిడ్డ పచ్చి బాలింత. మా బావిలో ఉప్పు నీళ్లు తాపమంటావా?"

మాట సారు చెవిన పడింది. పాపం, ఆయనా ఏం చేస్తారు? నీళ్లివ్వకుండా చూసే ఊరు కూడా నీళ్లు తాగేస్తూంటే పోల్చడానికేం మిగులుతుంది? సాయంత్రం మీటింగు పెట్టారు. పరిశోధన ముగిసేదాకా పక్క ఊరి నీళ్లు ముట్టొద్దని, పాత బావిలోని ఉప్పు నీళ్లతోనే సర్దుకోవాలని బతిమాలారు. బతిమాలి బతిమాలి గొంతెండింది. జీపులోంచి క్యాను తెప్పించి గ్లాసు నింపుకున్నారు.

రామలక్ష్మమ్మ లేచింది.

"ఆ నీళ్లు యాడివి సార్?"

సారు గ్లాసు నోటి దాకా ఎత్తారు. ఆయన డ్రైవరు ఈరప్ప లోకం తెలియనివాడు. "పక్కూరి బోరింగువేనమ్మా. దినామూ పొద్దున్నే నేనే పట్టకొస్తా" అన్నాడు.

"నువ్వు కాపురముండేది యా ఊర్లో సార్?"

"మీ ఊళ్లోనే కదమ్మా. బడి పక్క గదిలో."

"అట్లయితే నువ్వూ మా లెక్కలోనే ఉండావు. ఆ గ్లాసు కింద పెట్టప్పా. సదువు చెడిపోతాది."

సారు గ్లాసు కింద పెట్టారు. నిజాయితీ గల మనిషి, ఆ మాట ఒప్పుకోవాలి. మర్నాటి నుంచి బావి నీళ్లే తాగారు. కానీ ఎక్కువ దినాలు కాదు. పరిశోధన కడుపులోకి దిగాక, ఆయనే చెంబు పక్కన పెట్టి జీపెక్కి, కళ్యాణదుర్గం పోయి మెకానిక్కునూ కొత్త కడ్డీనీ తెచ్చారు. బోరింగు కిర్రుమంది. మొదటి కడవ బాలింత ఇంటికి పోయింది.

శాస్త్రానికి ఎంత నష్టం! ప్రపంచ పాలనలో ఒక అధ్యాయమంతా మా బోరింగు కాడి గుంతలో కలిసిపోయింది. ఒక బాలింత దాహం కోసం ఇంత పని జరగడాన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను.

అయినా నా మాట మీదే నేనున్నాను. ఊరూరికీ ఒక పరిశోధకుణ్ణి పంపండి. ఆయన వెనకే ఆఫీసర్లనూ, మంత్రులనూ, ప్రపంచాన్ని పాలించే పెద్దలెవరైనా ఉంటే వాళ్లనూ పంపండి. చాప వేస్తాం. ఉగ్గాని చేసి పెడతాం. అడిగినదానికల్లా జవాబు చెబుతాం.

నీళ్ల క్యాన్లు మాత్రం దింపేసి పంపండి.