మేకులు దిగిన నిమ్మకాయలు

ఆ శుక్రవారం పొద్దున్న లక్ష్మీదుర్గ పెట్టుకున్న పని ఒక్కటే: నిమ్మకాయ పులిహోర. అన్నం వార్చి పళ్ళెంలో ఆరబోసింది, పోపు వేయించింది, తీరా చూస్తే బుట్టలో నిమ్మకాయలు లేవు. ముందురోజు పక్కింటి సుబ్బాయమ్మ గోడమీంచి అందించిన కాయలు, తన చేత్తో బుట్టలో వేసినవి, ఏమైనట్టు? పిల్లి నిమ్మకాయ ముట్టదు. దొంగ ఇత్తడి బిందె వదిలేసి నిమ్మకాయలు పట్టుకుపోడు. ఆవిడ గుండెల్లో రాయి పడింది.

లక్ష్మీదుర్గ గుండెల్లో రాయి పడటానికి పెద్ద కారణం అక్కర్లేదు. భర్త వీరబాబు రొయ్యల చెరువు నుంచి రావడం కాస్త ఆలస్యమైతే చెరువులో జారిపడ్డాడనుకునేది. కూతురు హారతి భీమవరంలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమాలో చేరాక మరీను. రబ్బరు చెప్పులు లేకుండా పిల్లని స్విచ్చి ముట్టనిచ్చేది కాదు. ఎక్కడో లారీ బ్యాటరీ పేలిందని విన్న రోజున టార్చిలైటు సెల్లు కూడా ముట్టకూడదని ఒట్టు వేయించుకుంది. "ఇంట్లో ప్లగ్గు ముట్టను, సెల్లు ముట్టను, నీమీదొట్టమ్మా" అని హారతి తల్లి నెత్తిన చెయ్యిపెట్టి మాటిచ్చింది. ఇంక ఆ చదువు చదివేదెలాగో తల్లి అడగలేదు, కూతురు చెప్పలేదు.

ఇల్లంతా వెతగ్గా వెతగ్గా నిమ్మకాయలు హారతి మంచం కింద దొరికాయి. వరసగా పేర్చి ఉన్నాయి. ప్రతి కాయలోనూ ఒక మేకు దిగి ఉంది, పక్కనే ఒక రాగితీగ గుచ్చి ఉంది. కాయకీ కాయకీ తీగతో ముడి. వాటి ముందు పళ్ళెంలో పలక రంగు గాజుముక్క ఒకటి. దాని అంచునుంచి వెంట్రుకల్లాంటి తీగలు, ఒక్కో తీగకీ ఒక్కో రంగు దారం: ఎరుపు, నలుపు, పసుపు.

"అమ్మ నా తల్లో! చేతబడి!"

ఆవిడకి అన్నీ ఒకేసారి అర్థమైపోయాయి. పిల్ల కళ్ళు పీక్కుపోవడం, తిండి మానెయ్యడం, వారం రోజులుగా గది తలుపేసుకుని "ఇది పైది, ఇది కిందది" అని గొణుక్కోవడం. ఇది కరెంటు వ్యవహారం కాదు గనక చెప్పులు కూడా వేసుకోలేదు. ఆంజనేయస్వామిని తలుచుకుంటూ కత్తెరతో దారాలన్నీ కత్తిరించి, నిమ్మకాయలతో సహా మూటగట్టి, పెరటి వెనక కాలువలో విసిరేసింది. గాజుముక్క ముట్టడానికి భయమేసి పళ్ళెంలోనే వదిలేసి, తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళింది.

"ఏమండీ సుబ్బాయమ్మగారూ! మా పిల్ల మీకేం అన్యాయం చేసిందండీ? మేకులు దిగేసిన కాయలు మా ఇంటిమీదికి పంపిస్తారా?"

సుబ్బాయమ్మ బట్టలు ఉతకడం ఆపి, కొంగు బిగించి, దెబ్బలాటకి సిద్ధమై వచ్చి, మధ్యలో ఆగిపోయింది. "మేకులా? మా చెట్టు కాయలకా? పిందెంతా రాలిపోతోందేంటా అనుకుంటున్నాను. ఇదన్నమాట సంగతి! మీమీద కాదండీ బాబూ, మా చెట్టుమీద చేశారు!"

దాంతో తగువు కాస్తా ఎగిరిపోయింది. ఎవరిమీద చేశారన్నది తేలకపోయినా, చేశారన్నది మాత్రం ఖాయమైంది. సుబ్బాయమ్మ తడి కుచ్చెళ్ళు పైకెత్తుకుని ముసలయ్య కోసం పరిగెత్తింది.

గేదె పాలివ్వకపోయినా, పసివాడు పాలు తాగకపోయినా ఆ చుట్టుపక్కల దిష్టి తీసేది ముసలయ్యే. భుజాన సంచి, సంచిలో నిమ్మకాయలు, రక్షలు కట్టే రంగుదారాల ఉండలు. అరుగుమీద కూర్చుని గాజుముక్కని చేతిలోకి తీసుకుని కళ్ళు చికిలించి చూశాడు.

"లోపలొక ముసలోడున్నాడమ్మగారూ."

"గెడ్డం ఉందా?"

"ఉందండి. మాసిన గెడ్డం."

"మా మావగారే!" లక్ష్మీదుర్గ గొల్లుమంది. "బతికుండగా నేనిచ్చిన కాఫీ ఏనాడూ బాగుందన్లేదండీ! ఇప్పుడు పిల్లమీద పడ్డారు!"

"ఏడవకండమ్మా. గుమ్మం రాయికేసి ఒక్కటి కొడితే పోతాడు" అని ముసలయ్య లేచి, గడ్డం సవరించుకుని, గాజుముక్క పైకెత్తాడు.

"తాతా! ఆగాగు!" టంకం తీగ కొనుక్కుందామని భీమవరం వెళ్ళిన హారతి అప్పుడే వీధి గుమ్మంలో కాలు పెట్టింది. "అది పగిలితే నేను ఫెయిలే!"

సంగతి బయటపడింది. ఆ గాజుముక్క రొయ్యల మేత కొట్టులో పాడైపోయిన కాటాది. అంకెలు కనబడే ముఖం అది. తండ్రి చెరువు నీళ్ళ వేడి చూపించే మిషను హారతి చేసింది, దానికి ఈ ముఖం అతికించి మర్నాడు కాలేజీలో సార్లకి చూపించాలి.

"ఏ తీగ ముట్టుకుంటే ఏ గీత వస్తుందో చెప్పే కాగితం ఎక్కడా లేదమ్మా. కొట్టువాళ్ళకీ తెలీదు, మా సార్లకీ తెలీదు. అన్ని గీతలకీ కలిపి ఒక ఉమ్మడి తీగ ఉంటుంది, అదేదో కనిపెట్టడానికే వారం పట్టింది. తర్వాత ఒక్కో తీగా ముట్టించి చూసి, గుర్తుకి రంగుదారం కట్టుకున్నాను."

"మరి నిమ్మకాయలెందుకే?"

"ప్లగ్గు ముట్టను, సెల్లు ముట్టనని నీమీద ఒట్టేశాను కదా! నిమ్మకాయల్లోంచి కాస్త కరెంటొస్తుంది. దీనికది చాలు. మొదట పెట్టినవి ఎండిపోతే నిన్న బుట్టలోవి తీసుకున్నాను." హారతి చుట్టూ చూసింది. "దారాలేవమ్మా?"

లక్ష్మీదుర్గ కాలువ వైపు చూసింది. హారతి అరుగుమీద కూలబడింది. జన్మంతా ఏదో ఘోరం జరుగుతుందని భయపడ్డ మనిషికి ఇన్నాళ్ళకి నిజంగానే జరిగింది, అదీ ఆవిడ చేతిమీదుగానే.

కాసేపటికి హారతి చూపు ముసలయ్య సంచిమీద పడింది.

"తాతా, ఆ కాయలిస్తావా?"

"మంత్రించినవమ్మా."

"పర్లేదు. పులుపుంటే చాలు."

సుబ్బాయమ్మ పశువులపాక రేకులకి కొట్టగా మిగిలిన తెల్లపూత మేకులు తెచ్చింది. పాత మోటారు రాగితీగ హారతి దగ్గరే ఉంది. అరుగుమీద ఎండ వెలుగులో కాయలు మళ్ళీ వరసకట్టాయి. "ఉమ్మడి తీగ గుర్తుంది, గీతలే తేలాలి" అంటూ హారతి ఒక వెంట్రుకతీగని ముట్టించింది.

ఖాళీ గాజులో ఒక నల్లగీత వచ్చింది. కనబడని వేలెవరిదో కాటుక దిద్దినట్టు వచ్చింది. తీగ తీస్తే మాయమైంది, ముట్టిస్తే మళ్ళీ వచ్చింది. చప్పుడు లేదు, పొగ లేదు, వేడి లేదు. ముసలయ్య గుళ్ళోకి అడుగుపెట్టినట్టు భుజంమీద తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. లక్ష్మీదుర్గ ఇంకాస్త ముందుకు వంగింది. స్తంభంమీంచి చావుని వెంటబెట్టుకునే వస్తుందనుకున్న ఆ శక్తి, ప్రతి శుక్రవారం తను పిండి పారేసే కాయలో చడీచప్పుడు లేకుండా కూర్చునుందా?

"ఇంకోసారి చూపించవే" అంది చిన్నగా.

ముసలయ్య రక్షదారాలు తుంచి ఇచ్చాడు. హారతి గీత పేరు చెప్పడం, లక్ష్మీదుర్గ ముడి వెయ్యడం. పొద్దున్న కత్తిరించిన వేళ్ళే ఇప్పుడు పసిపిల్లకి మొలతాడు కట్టినంత నెమ్మదిగా కట్టాయి. అన్నీ అయ్యాక హారతి తీగలు ఒకచోట చేర్చి ముట్టించింది. గీతలన్నీ కలిసి గాజు నిండా ఎనిమిదులై నిలబడ్డాయి.

ముసలయ్య వంగి, మళ్ళీ కళ్ళు చికిలించి అంకెలకేసి చూశాడు.

"ముసలోడెళ్ళిపోయాడమ్మగారూ" అన్నాడు.

మర్నాడు హారతి పాసై వచ్చింది. ఆ సాయంత్రం చెరువు గట్టుమీద వీరబాబు నీళ్ళలో చెయ్యిపెట్టి చూడటం, మిషను కేసి చూడటం, మళ్ళీ చెయ్యిపెట్టడం, చీకటి పడేదాకా ఇదే పని. లక్ష్మీదుర్గ ఒట్టు తీసి గట్టుమీద పెట్టేసింది. "ప్లగ్గు ముట్టుకో, సెల్లు ముట్టుకో, నీ ఇష్టం తల్లీ" అనేసింది. ఆవిడ మారిపోయిందని వాడంతా చెప్పుకున్నారు.

మళ్ళీ శుక్రవారం పులిహోరకి నిమ్మకాయ కొయ్యబోయి, కత్తిపీట దగ్గర ఆగి, వెళ్ళి రబ్బరు చెప్పులు వేసుకొచ్చింది.