చర్చికెళ్ళిన కౌంటర్ మెషిన్

ఆ శుక్రవారం ఉదయం శామ్యూల్ మాస్టారు వేసుకున్న పథకం చాలా సాదాగా ఉంది. పదింటికి పవర్‌పేటలో యూసుఫ్ నెట్ సెంటర్ నుంచి కంప్యూటర్ని ఆటో ఎక్కించాలి. పదిన్నరకి చర్చిలో దింపాలి. రెండింటికల్లా క్వయిర్ పాటలు పన్నెండూ రికార్డు చేసి, ఎక్కడి కంప్యూటర్ని అక్కడ పెట్టేసి, ఇంటికెళ్ళి అన్నం తినాలి. ఈలోగా ఎవరూ ఏమీ అడగకూడదు. అన్నిటికన్నా ఈ చివరిదే ఆయనకు ముఖ్యం.

అదెందుకో తెలియాలంటే పది రోజులు వెనక్కి వెళ్ళాలి. మాస్టారు ఏలూరులో హైస్కూలు లెక్కల టీచరు, చర్చిలో పాటల బృందానికి, అదే క్వయిర్‌కి, లీడరు. వచ్చే ఆదివారం చర్చి యాభయ్యో వార్షికోత్సవం. బిషప్ గారొచ్చి క్వయిర్ పాటల సీడీ విడుదల చేస్తారు. చర్చి సెక్రటరీ దేవసహాయం గారు తాడేపల్లిగూడెంలో మంచి స్టూడియో ఉంది, అక్కడికి వెళ్దామన్నారు. మాస్టారు లేచి, "స్టూడియో ఎందుకండీ? సాఫ్ట్‌వేర్ ఒకటి తెప్పిస్తే మన చర్చిలోనే నేను రికార్డు చేసేస్తాను కదండీ" అన్నారు. క్వయిర్లో పెద్ద గొంతు మణెమ్మ గారిది. ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా ఆ గోడల మధ్యే పాడుతున్నారు. "మన చర్చిలో అయితేనే పాడతానండీ" అని ఆవిడ తేల్చేయడంతో కమిటీ మాస్టారి వైపు మొగ్గింది.

సాఫ్ట్‌వేర్ ఒక సీడీలో వచ్చింది. దాన్ని ఇంటర్నెట్లో నమోదు చేస్తేగాని పనిచేయదట. మాస్టారింట్లో కంప్యూటర్ ఉందిగాని ఇంటర్నెట్ లేదు. యూసుఫ్ సెంటర్లో ఎక్కించి, అక్కడే నమోదు చేయించి, తర్వాత ఇంటికి తెచ్చుకుంటే సరిపోతుందనుకున్నారు, కుళాయి దగ్గర బిందె నింపుకొచ్చినట్టు. సెంటర్లో సీడీ పెట్టే వీలు కౌంటర్ మీది మెషిన్‌కి ఒక్కదానికే ఉంది. అందులో ఎక్కించారు. ఇంగ్లీషులో నాలుగు పేజీల షరతులు వచ్చాయి. ప్రశ్న రెండుసార్లు చదవందే పెన్ను ముట్టుకోవద్దని పాతికేళ్ళుగా పిల్లల ప్రాణం తీస్తున్న ఆ మనిషి, ఒక్క ముక్కయినా చదవకుండా సరేనని నొక్కేశారు.

మొదట ఏ కంప్యూటర్లో నమోదైతే అందులో తప్ప ఇంకెక్కడా పనిచేయదన్నది ఆ షరతుల్లో ఒకటి. ఇంట్లో పెట్టిచూస్తే, ఇది వేరొక కంప్యూటర్‌కు చెందినదని ఎర్రక్షరాలు కనబడ్డాయి. సీ డ్రైవ్‌లో పెట్టారు, డీ డ్రైవ్‌లో పెట్టారు, మొత్తం చెరిపేసి మళ్ళీ పెట్టారు. ఎర్రక్షరాలు మాత్రం మారలేదు. కంపెనీకి మెయిల్ పెడితే, మీ అసౌకర్యానికి చింతిస్తున్నామని రెండు లైన్లు రాసి ఊరుకున్నారు.

మాస్టారు సిగ్గుతో చచ్చిపోయారు. నిజం చెబితే దేవసహాయం గారు కోప్పడరు. చిన్నగా నవ్వి, "పర్వాలేదులెండి" అంటారు. ఆ నవ్వు తలుచుకుంటేనే ఆయనకు తల కొట్టేసినట్టయింది. అందుకని కమిటీతో, "మా ఇంటి కంప్యూటర్ ఇన్ని పాటలకి చాలదండీ. యూసుఫ్ గారు ముచ్చటపడి తనది ఇస్తానన్నారు" అని చెప్పారు. యూసుఫ్ దగ్గరికెళ్ళి, "మీ కౌంటర్ మెషినే కావాలని కమిటీ వాళ్ళు పట్టుబట్టారండీ" అన్నారు.

యూసుఫ్ మొహమాటస్తుడు. "మిగతా ఏడు మెషిన్లకీ నెట్ దీని మీంచే వెళ్తుందండీ. ఇది లేకపోతే సెంటర్ మూసుకోవడమే" అని కాసేపు తల గోక్కున్నాడు. "కమిటీ వారే అంతగా అడిగితే కాదనలేను కదండీ. శుక్రవారం ఎలాగూ నమాజుకి మూస్తాను, ఆ పూట తీసుకెళ్ళండి. ఇంటర్ రిజల్ట్స్ ఆ రోజు సాయంత్రం అయిదింటికంట. ఆ లోపల మాత్రం తెచ్చేయాలండీ" అన్నాడు.

"రెండింటికే తెచ్చేస్తానండీ" అన్నారు మాస్టారు. ఆ పది రోజుల్లో ఆయన చెప్పిన మాటల్లో అబద్ధం కానిది ఇదొక్కటే. అదీ జరగలేదు.

శుక్రవారం అంతా అనుకున్నట్టే మొదలైంది. కంప్యూటర్ చేసే చప్పుడు పాటలో పడకూడదని దాన్ని వేదిక పక్కనున్న చిన్న గదిలో పెట్టి, మైకు వైరు తలుపు కింద నుంచి లాగారు. ఫ్యాన్లు ఆపేశారు, కిటికీలు మూసేశారు. ఏప్రిల్ ఎండ. పద్నాలుగు మంది ఆడవాళ్ళు చెమటలు కక్కుతూ నిలబడ్డారు. మాస్టారు రికార్డింగ్ మొదలుపెట్టి, పాటపాటకీ ఆపడమెందుకు, తర్వాత ముక్కలు కోసుకోవచ్చని అలాగే వదిలేసి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని గదిలో కూర్చున్నారు. మణెమ్మ గారి గొంతు ఆ గోడలకి తగిలి తిరిగొస్తుంటే ఆయనకు కళ్ళు చెమర్చాయి. చేసిన తప్పు ఈ పాటలతో తుడిచిపెట్టుకుపోతుందనిపించింది.

రెండో పాట నడుస్తుండగా అయిదింటికి రావలసిన ఇంటర్ ఫలితాలు పదకొండింటికే వచ్చేశాయని టీవీలో చెప్పారు. యూసుఫ్ సెంటర్లో ఒక పద్ధతి ఉంది. పేరు, గ్రూపు, హాల్‌టికెట్ నంబరు చీటీ మీద రాసి కౌంటర్లో ఇస్తే, అతను చూసి పేరు పిలిచి ఫలితం చెబుతాడు. పిల్లలు చీటీలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. షట్టర్ మూసి ఉంది. అతను నమాజుకి తయారవడానికి ఇంటికెళ్తూ, ఎవరైనా వచ్చి తిరిగిపోతారేమోనని ఒక కాగితం అంటించాడు: 'మెషిన్ చర్చికి వెళ్ళినది. వివరాలకు శామ్యూల్ మాస్టారు గారిని కలవగలరు.' పక్క వీధి సెంటర్లో వరస రోడ్డు మీదికొచ్చేసింది. అందరూ చర్చికి బయలుదేరారు.

మూడో పాట అయిపోయేసరికి అరవై మంది దాకా చెప్పులు బయట విడిచి, చేతుల్లో చీటీలతో వచ్చి బల్లల మీద బుద్ధిగా కూర్చున్నారు. గుమ్మం దగ్గరున్న దేవసహాయం గారు నిలువెల్లా పులకరించిపోయారు. పాట వినబడి ఇంతమంది వచ్చారని ఆయన అనుకున్నారు. చర్చిలో చీటీ అంటే ఆయనకు తెలిసినది ఒక్కటే, ప్రార్థన విన్నపం. కానుక సంచి తీసుకుని వరసవరసకీ తిరిగారు. వాళ్ళు చీటీలు అందులో వేశారు. ఇక్కడి పద్ధతి ఇదనుకున్నారు.

"ఇంత ఎండలో వచ్చారమ్మా. మనం పాట ఆపి వీళ్ళ కోసం ప్రార్థన చేయాలండీ" అన్నారాయన క్వయిర్‌తో.

"చేయండి, పాపం. ఇంత చిన్న పిల్లలకి ఏం కష్టాలొచ్చాయో" అన్నారు మణెమ్మ గారు.

దేవసహాయం గారు మొదటి చీటీ విప్పి, పేరు, గ్రూపు, నంబరు గట్టిగా చదివారు. ఆ పిల్ల లేచి నిలబడింది. పరీక్ష గట్టెక్కించమని ఆయన రెండు నిమిషాలు ప్రార్థించారు. క్వయిర్ ఆమెన్ అంది. పిల్ల కాస్త ఆగి, ఆయన ఇంకేం చెప్పకపోవడంతో కూర్చుంది. ఇలా తొమ్మిది చీటీలు నడిచాయి.

"పాసయినట్టేనా అమ్మా?" అని ఒక కుర్రాడు తల్లి చెవిలో అడిగాడు.

"అంతమంది ఒక్కసారి ఆమెన్ అన్నారు కదరా. ఫస్ట్ క్లాసే అయ్యుంటుంది" అందావిడ.

హెడ్‌ఫోన్లలో పాటకి బదులు నంబర్లు వినబడుతుంటే మాస్టారికి ఏమీ బోధపడలేదు. తలుపు తీసుకుని బయటికొచ్చారు. అరవై మంది ఒక్కసారి లేచారు.

"మాస్టారూ, మీరైనా చూసి చెప్పండి. రిజల్ట్స్ వచ్చి గంటయిందంట" అంది మొదటి చీటీ పిల్ల.

"ఇక్కడ ఇంటర్నెట్ లేదమ్మా."

"మరి మెషిన్ ఇక్కడికెందుకు తెచ్చారండీ?"

అప్పుడే యూసుఫ్, రిజల్ట్స్ కబురు విని, రొప్పుతూ లోపలికొచ్చి, దేవసహాయం గారికి నమస్కారం పెట్టాడు. "క్షమించాలండీ సెక్రటరీ గారూ. మీరు ఈ మెషినే కావాలని పట్టుబట్టారని మాస్టారు చెప్పారు కాబట్టి పంపాను. ఇక తీసుకెళ్ళక తప్పదండీ."

"మేం పట్టుబట్టడమేంటండీ? మీరే ముచ్చటపడి ఇస్తానన్నారంట కదా" అన్నారు దేవసహాయం గారు.

ఇద్దరూ మాస్టారి వైపు తిరిగారు. ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కాని ఎదురుగా ఉన్న పిల్లల్లో సగం మందికి లెక్కలు నేర్పింది ఆయనే. వాళ్ళు తన మొహం కేసి నమ్మకంగా చూస్తున్నారు. మాస్టారు మణెమ్మ గారు పాడిన చోటే నిలబడి తల వంచుకున్నారు.

"కమిటీ అడగలేదండీ. యూసుఫ్ గారు కూడా ముచ్చటపడలేదు. నేనే షరతులు చదవకుండా సాఫ్ట్‌వేర్ని ఆయన మెషిన్లో ఎక్కించాను. అది ఇంకెక్కడా ఎక్కనంది. చెప్పుకోడానికి సిగ్గేసింది. ఇద్దరితో రెండు రకాలుగా అబద్ధం చెప్పాను. మీ అందరినీ ఎండలో నడిపించాను. స్టూడియోకి వెళ్ళుంటే ఈపాటికి పాటలు పన్నెండూ అయిపోయేవి. నన్ను క్షమించండి." ఆయన గొంతు వణికింది.

దేవసహాయం గారు చిన్నగా నవ్వి, "పర్వాలేదులెండి" అన్నారు.

కంప్యూటర్ని కుర్రాళ్ళే ఎత్తుకెళ్ళారు. కానుక సంచి వెంట వెళ్ళింది. మిగతా తొమ్మిది పాటలూ సెంటర్లో పాడదామని ఎవరో అంటే మణెమ్మ గారు ఒప్పుకోలేదు. "మూడు పాటలు మన గోడల మధ్య పాడాం. ఆ మూడే ఇద్దామండీ" అన్నారు. మాస్టారికి సెంటర్లో అడుగుపెట్టడానికి మొహం చెల్లలేదు. శనివారం యూసుఫ్‌కి ఫోన్ చేసి, "మధ్యలో పనికిరాని చప్పుళ్ళన్నీ తీసేసి సీడీలు మీరే చేసేయండి" అని బతిమాలుకున్నారు.

ఆదివారం బిషప్ గారు సీడీ విడుదల చేశారు. మైకు సెట్‌లో వేశారు. మణెమ్మ గారి పాటలు మూడూ అద్భుతంగా ఉన్నాయి. మాస్టారు పది రోజుల తర్వాత మొదటిసారి నిటారుగా కూర్చున్నారు. ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత, "కమిటీ అడగలేదండీ. యూసుఫ్ గారు కూడా ముచ్చటపడలేదు" అని తన గొంతే, వణుకుతో సహా, నాలుగు స్పీకర్లలోంచి చర్చి అంతా మోగింది. మాస్టారు భూమిలోకి కుంగిపోయారు.

ఆయన వెనక వరసలోనే కూర్చున్న యూసుఫ్ ముందుకి వంగాడు. "చప్పుళ్ళన్నీ తీసేశానండీ మాస్టారూ. మీ మాట తీసేయడం మర్యాద కాదనిపించింది" అన్నాడు మెల్లగా.

బిషప్ గారు లేచి నిలబడ్డారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. తప్పు ఒప్పుకుంటూ ఇంత నిజాయితీగా చెప్పిన సాక్ష్యం తన ఇన్నేళ్ళ సేవలో వినలేదని, పాటల మధ్య దీన్ని చేర్చాలన్న ఆలోచన ఎవరిదో గాని ధన్యుడని, ఇది ప్రతి సంఘమూ వినాలని అన్నారు. చర్చి అంతా చప్పట్లు కొట్టింది. మాస్టారు తల ఎత్తలేదు.

మరునాడు దేవసహాయం గారు ఇంటికొచ్చారు. "భీమడోలు, పెదపాడు, కైకలూరు చర్చి సంఘాల వాళ్ళు సీడీలు కావాలంటున్నారండీ మాస్టారూ."

మాస్టారికి కాస్త ప్రాణం లేచొచ్చింది. "అయితే మిగతా తొమ్మిది పాటలు కూడా రికార్డు చేసేసి ఇద్దామండీ. మణెమ్మ గారు సంతోషిస్తారు. ఈసారి తాడేపల్లిగూడెమే వెళ్దాం" అన్నారు.

దేవసహాయం గారు చిన్నగా నవ్వారు. "అంత శ్రమొద్దులెండి. పాటలు లేకపోయినా పర్వాలేదన్నారు."